జవాబు వేషం

తన పెళ్ళిచీరను అండాలు కట్టుకున్నది మూడే మూడు సార్లు. ఆమె మొగుడు జంగయ్య కట్టుకున్నది మాత్రం మూడు వందల సార్లకు తక్కువ ఉండదు. నారాయణపేట మగ్గం మీద నేసిన పసుపుపచ్చ చీర, ఎర్రంచు. పుట్టింటివాళ్ళు కూతురి కోసమని కొన్నారు గానీ అది అల్లుడికే బాగా నప్పింది.

జంగయ్య భాగోతంలో ఆడవేషం వేస్తాడు. వేస్తాడంటే అలా ఇలా కాదు. పాలమూరు జిల్లాలో వాళ్ళ ఊరి చుట్టూ పది ఊళ్ళలో జంగయ్య ఏడిస్తే ఏడవని మనిషి లేడు. ఆయన నడక చూసి కొత్త కోడళ్ళు నడక దిద్దుకున్నారని కూడా చెప్పుకునేవాళ్ళు. ఒక్కటే లోటు, మనిషికి జ్ఞాపకం లేదు. పొద్దున తిన్న రొట్టె మధ్యాహ్నానికి గుర్తుండని రకం. పాటా, పద్యమూ, మాటా అన్నీ అండాలు నోట్లోంచి రావలసిందే. ఆమెకు అక్షరమ్ముక్క రాదు, కానీ ఏదైనా ఒక్కసారి చెవిన పడిందా, ఇక పోదు. ఆట జరుగుతున్నంతసేపూ తెర వెనక చాప మీద కూర్చుని పెదవుల చాటున ఆమె మాట అందిస్తుంది, తెర ముందు అది జంగయ్య నోట పలుకుతుంది. చప్పట్లు మాత్రం తెర దాటి లోపలికి వచ్చేవి కావు.

ఆడది తెర ముందుకు రాకూడదని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. రాయని మాటలే ఊళ్ళల్లో ఎక్కువ గట్టిగా నిలబడతాయి. పెళ్ళైన కొత్తలో, యాభై రెండో యాభై మూడో, జడ అల్లుకుంటున్న జంగయ్యకు పూలందిస్తూ అండాలు నవ్వులాటగా అడిగింది.

“నీ బదులు నేనే ఏస్తే ఏమైతది?”

“ఏమైతది? గుంపు ఇజ్జత్ పోతది. మాట నీదే గదనే, మొకం నాదైతే ఏంది?” అన్నాడు జంగయ్య. చెడ్డవాడేం కాదు, ఆ మాట ఆమెను గుచ్చుతుందని కూడా అతనికి తట్టలేదు.

ఆమె మళ్ళీ అడగలేదు. అడగనంత మాత్రాన కోరిక చచ్చిపోతుందా? చచ్చేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నలుగురి ముందు నిలబడి తన మాట తన నోటితో అనాలని అండాలుకు పదేళ్ళుగా ఉంది. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆయనా విన్నట్టు కనబడలేదు.

వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. లచ్చయ్య మేస్త్రి ఊళ్ళో నలభై మందిని పోగుచేసి, హాలియా దాటించి, కృష్ణ ఒడ్డుకు తెచ్చాడు. అక్కడ నది మీద ఆనకట్ట లేస్తోంది. ఆ రోజుల్లో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీల నెత్తి మీద నుంచే లేచేది. గుట్టల మధ్య గుడిసెలు వేసుకుని, పరంజాల మీద రాయీ సున్నమూ మోస్తూ ఆ గుంపు అక్కడ అయిదేళ్ళు గడిపింది. వచ్చేటప్పుడు జొన్నల మూటతో పాటు భాగోతం పెట్టెను కూడా నెత్తికెత్తుకొచ్చారు. పస్తులైనా ఉంటారు గానీ ఆట లేకుండా ఉండలేని మనుషులు.

అరవై మూడో సంవత్సరం మాఘమాసంలో కబురొచ్చింది. రష్యా నుంచి సినిమావాళ్ళు హైదరాబాదు వచ్చారట. ఆదివారం ఆనకట్ట చూడటానికి వస్తున్నారట. వాళ్ళలో ఒకామె నలభై ఏళ్ళుగా నాటకాలాడుతున్న గొప్ప మనిషట, కూలీల ఆట ఒకటి ఉందని విని చూస్తానని పట్టుబట్టిందట.

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఆ ముచ్చట వచ్చి జంగయ్య మీద పడింది. ఆఫీసులో కోస్తా వైపు గుమస్తా ఒకాయన ఉండేవాడు, నాటకాల పిచ్చివాడు. “మీ భాగోతం మరీ మోటుగా ఉంటుందయ్యా, పై దేశం వాళ్ళ ముందు పరువు పోతుంది,” అని తానే ఒక నాటకం రాసిచ్చాడు. కృష్ణవేణి అనే కన్యను ఎండిన నేలకిచ్చి పెళ్ళిచేయడం కథ. కథ బాగానే ఉంది. మాటలే, పుస్తకంలోంచి నేరుగా దిగొచ్చినవి. గుమస్తా చదువుతుంటే అండాలు ఒక్క పూటలో అంతా చెవికెక్కించుకుంది. జంగయ్యకు మాత్రం నాలుగు రోజులైనా మొదటి ముక్క దాటలేదు.

“ఓ ప్రాణేశ్వరా, నా జీవనధారలెల్ల నీకర్పించుచున్నాను,” అని అండాలు వందోసారి చెప్పింది.

“చుంచున్నను, చుంచున్నను... గీ మాటలు నమిలితే పండ్లు ఊసిపోతయే. ఎవలన్న మొగనితోని గిట్ల మాట్లాడ్తరా?”

“మాట్లాడరు. నాకు నోరు తిరుగుతాంది గద, నువ్వుగూడ తిప్పు.”

“నీదేం పోయింది, తెర ఎన్క కూసుంటవు,” అన్నాడు జంగయ్య. అండాలు పొయ్యి మీది రొట్టె తిరగేసింది.

ఆదివారం నాలుగింటికి జీపులు వచ్చాయి. ఆఫీసు ముందున్న చదును నేల మీద రెండు వాసాలు పాతి తెర కట్టారు. వెనక నదీ, సగం లేచిన గోడా, ఎండలో ఎర్రగా గుట్టలూ. పనికి సెలవు కాబట్టి క్యాంపు క్యాంపంతా వచ్చి కూర్చుంది. తెరకు వేలు పట్టేంత చిరుగు ఒకటుంది, అండాలుకు లోకమంతా కనబడేది దాంట్లోంచే. ఆ చిరుగుకు కన్ను ఆనించి చూసింది.

దొరలూ, దొరసానులూ కెమెరాలు మెడలో వేసుకుని దిగారు. చివరి జీపులోంచి, చేతికర్ర ఊతంతో, అరవై దగ్గర పడిన ఒక పొడుగాటి మనిషి దిగింది. నెరిసిన జుట్టు, తలకు రుమాలు, మెడమీద ముడతలు. సినిమా మనిషంటే బొమ్మలా ఉంటుందనుకున్న అండాలుకు ఆమె చేతులు చూసి ఆశ్చర్యం వేసింది. కణుపులు తేలి, వెడల్పుగా ఉన్నాయి. మోసిన చేతులేవో మోసేవాళ్ళకు తెలుస్తుంది.

ఆమెను వెంటబెట్టుకొచ్చినవాడు రఘుపతి. హైదరాబాదు మనిషి, మాస్కోలో మూడేళ్ళుండి రష్యన్ నేర్చుకొచ్చాడు. ఈమె పేరు హెల్మి అనీ, రష్యా ఏలుబడి కింద చలి సముద్రం ఒడ్డున ఎస్తోనియా అనే చిన్న దేశం ఈమెదనీ పరిచయం చేశాడు. ఇంకా బిరుదులేవో చదవబోతుంటే ఆమె అతని చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టేసింది. తన కథ తానే చెబుతాననీ, ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పమనీ అంది. రఘుపతికి ఆ పని వచ్చు, చాలా బాగా చేశాడని అండాలు తర్వాత కూడా అనేది. మాట అందించడంలో కష్టం ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

హెల్మి పుట్టింది సముద్రం మధ్య ఒక లంకలో. తండ్రి పడవ మీద చేపలు పట్టేవాడు, తల్లి ఆ చేపలకు ఉప్పు పట్టించేది. పద్నాలుగో ఏట నాటకం వాళ్ళు పడవెక్కి ఆ లంకకొచ్చి, వలలు దాచే కొట్టంలో ఆటాడారు. చేపల కంపులో కూర్చుని ఆ పిల్ల ఆట మొత్తం నోటికెక్కించుకుంది. పొద్దున్నే తల్లి చేతి తట్ట కిందపెట్టి వాళ్ళ పడవెక్కేసింది. పట్నంలో నాటకశాల నేల ఊడవడానికి పెట్టుకున్నారు. రెండు చలికాలాలు ఊడ్చింది. మూడో ఏడు దొరికిన మొదటి వేషం శవం.

“పాడె మీద పండుకోవాలె, అంతే పని,” అన్నాడు రఘుపతి. “గామెకు తుమ్మొచ్చిందట. శవం తుమ్మంగనే జనం లేచి చప్పట్లు కొట్టిండ్రట.”

క్యాంపంతా నవ్వింది. హెల్మి కూడా ఆ నవ్వు ఆగేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఎక్కడ ఆగాలో ఆమెకు భాష అక్కర్లేకుండానే తెలుసు.

ఇరవై రెండేళ్ళకే తల్లి వేషాలిచ్చారట, ఎముక పెద్దదని. అందమైన పిల్ల వేషం తనకు ఎప్పుడూ రాలేదంది. ఎవరెవరికో తల్లిగా, అత్తగా, మంత్రసానిగా, ఒకసారి రాణిగా. తర్వాత యుద్ధం వచ్చింది. నాటకశాల ఒక్క పూటలో తగలబడింది. మొగుడూ నాటకాలవాడే, ఆ యుద్ధంలోనే ఎటో పోయాడు, ఎటు పోయాడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నాటకశాల కాలిన నెలకే గుర్రాల కొట్టంలో ఆట మొదలుపెట్టారట. చూడటానికొచ్చేవాళ్ళు తలా ఒక కట్టెపుల్ల తెచ్చేవాళ్ళు, చలిమంటకు. ఆ మంట చుట్టూ కూర్చుని తిండి లేని మనుషులు నాటకం చూసేవాళ్ళు.

తెర వెనక అండాలు ఊపిరి బిగబట్టి వింటోంది. పక్కన జంగయ్య అద్దంలో బొట్టు దిద్దుకోవడం మానేసి ఎప్పుడో ఈమె పక్కకొచ్చి నిలబడ్డాడు.

నలభై అయిదో ఏట సినిమావాళ్ళు పిలిచారు. పెద్ద దేశం, పెద్ద సినిమా. కానీ సినిమా రష్యన్‌లో, హెల్మి రష్యన్‌లో లంక యాస. మొహం ఆమెది ఉంచుకుని గొంతు ఇంకొకామెది పెట్టారు. పన్నెండు సినిమాలు అలాగే. వీధిలో పోతుంటే గుర్తుపట్టి దండాలు పెట్టేవాళ్ళు, నోరు తెరిస్తే ‘ఈమె కాదు’ అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. లంకలో ఉన్న తల్లిని ఒకసారి పట్నం తెచ్చి సినిమాకు తీసుకెళ్ళిందట. ముసలావిడ సగంలో లేచి, “అది నా బిడ్డ కాదు, ఎవతో నా బిడ్డ మొహం తొడుక్కుంది,” అని బయటికొచ్చేసిందట.

ఆ మాటను అండాలు తనలో తాను మళ్ళీ అనుకుంది. హెల్మికి మొహముంది, గొంతు లాక్కున్నారు. తనకు గొంతుంది, మొహం తెర వెనక పెట్టారు. అంత దూరం దేశంలో, మంచూ సముద్రమూ తప్ప ఏమీ తెలియని చోట, తన బాధను కుడి ఎడమల చేసి ఇంకొకామె మోసింది. ఈ సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరున్నారన్న మాటకే ఆమె చిరుగుకు ఇంకా దగ్గరగా జరిగింది.

“ఇప్పుడు సినిమాలు తక్కువ చేసింది,” అన్నాడు రఘుపతి. “ఏడాదిల ఎనిమిది నెలలు వాళ్ళ ఊరి నాటకశాలల్నే ఆడ్తది, వాళ్ళ బాసల. ఆ బాస మాట్లాడెటోళ్ళు మొత్తం కలిపితే ఈ నల్లగొండ జిల్లా అంత మంది గూడ లేరు.”

జనంలో గుసగుస లేచింది. ఒక్క జిల్లా అంత లేని బాస! దానికి నాటకశాల, దానికో పెద్ద నటి! తమ మాట మోటని చెప్పిన గుమస్తా మొదటి వరసలో కుర్చీలో కూర్చుని చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు.

ఇప్పుడు మర్యాద చేయాలి. ఆ గుంపుకు తాతల నాటి ఆచారం ఒకటుంది. పరాయి ఊరి వేషగాడు ఆట చూడటానికొస్తే వట్టినే కూర్చోబెట్టరు. పళ్ళెంలో పసుపూ కుంకుమా వేసి, మీద గజ్జెలు పెట్టి ముందుంచుతారు. కళ్ళకద్దుకుని తిరిగిచ్చేస్తే మర్యాద తీరింది. కాళ్ళకు కట్టుకుంటే మాత్రం ఆయన ఒక వేషం ఆడాలి. ఆడిన తర్వాత ఇటువైపు నుంచి ఎవరో ఒకరు అవే గజ్జెలు కట్టి జవాబు వేషం వేయాలి. జవాబు లేకుండా గజ్జెలు పెట్టెలోకి పోతే ఆ గుంపు ఇక ఆటాడే అర్హత పోగొట్టుకున్నట్టే. పెద్దవాళ్ళు ఎవరూ కట్టుకోరు, కళ్ళకద్దుకుంటారు. వేషగత్తె అన్నాక ఈ సంగతి ప్రపంచంలో ఎవరికైనా తెలిసే ఉంటుందని పాలమూరు వాళ్ళ నమ్మకం. కాబట్టి రఘుపతికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

కృష్ణవేణి వేషంలో, పసుపుపచ్చ చీరలో జంగయ్య వయ్యారంగా నడిచొచ్చి పళ్ళెం పట్టాడు. హెల్మి గజ్జెలు చేతిలోకి తీసుకుంది. ఊపి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత వంగి, బూట్లు విప్పి, మందపాటి మేజోళ్ళ మీదే గజ్జెలు కట్టుకోవడం మొదలుపెట్టింది.

“అయ్యో, కట్టుకుంటాంది!” అన్నారెవరో. నలభై మందీ ఒక్కసారి లేచారు.

లచ్చయ్య మేస్త్రి పరుగున వచ్చి రఘుపతి చెవిలో సంగతి చెప్పాడు. రఘుపతి మొహం పాలిపోయింది. “ముందుగాల చెప్పొద్దా? గవర్మెంటు మెహమాన్ ఆమె! గుండెకు మందులు మింగుతాంది!” అంటూనే, తప్పదు కాబట్టి ఆమెకు చెప్పాడు. హెల్మి అంతా విని, రెండో కాలి ముడి కూడా బిగించి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“ఏ బాసల ఆడమంటరు అని అడుగుతాంది,” అన్నాడు రఘుపతి.

లచ్చయ్యకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. “ఏ బాసేంది సారూ? ఆమె అవ్వ ఏ బాసల తిట్టిందో గా బాసల్నే.”

రఘుపతి ఆ మాట చెప్పగానే హెల్మి పకపక నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, చేతికర్రను కుర్చీకి ఆనించి నడుచుకుంటూ తెర ముందుకొచ్చింది.

తర్వాత జరిగింది చూసినవాళ్ళు ఎవరికి వారు ఒక్కో రకంగా చెబుతారు. ఆమె ఏమీ చేయలేదంటారు కొందరు. నిజానికి అంతే, ఏమీ చేయలేదు. శాలువా మెడ చుట్టూ బిగించి నదివైపు తిరిగి నిలబడింది. అంతే, ఎండలో చెమటలు కారుతున్న జనానికి గాలి చల్లగా తగిలింది. చేతులు కదిలాయి, వట్టి చేతుల్లో తడి వల కనబడింది. కన్నుల మీద అరచేయి అడ్డం పెట్టుకుని దూరంగా చూసింది. ఆమె ఎదురుచూసేది పడవల కోసమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వేలు చాపి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

“ఉక్స్... కక్స్... కోల్మ్...”

ఆరు దాకా వచ్చింది. వేలు గాలిలో ఆగింది. మళ్ళీ రెండోవైపు నుంచి లెక్కపెట్టింది. ఆరే. మూడోసారి గబగబా, తప్పు తనదే అన్నట్టు, చిన్నగా నవ్వుకుంటూ లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆ నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, కళ్ళు మాత్రం దాన్ని వదిలేశాయి. ఏడవలేదు. నేలమీద కూర్చుని, ఎదురుగా ఏడు చోట్ల, లేని రొట్టె ముక్కలు పెట్టింది. ఏడో ముక్కను ముట్టుకుని సరిగా జరిపింది.

తెర వెనక అండాలు నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ లెక్క పాలమూరు గుంపుకు తెలియనిది కాదు. రోజూ సాయంత్రం పని ఆపే సైరన్ కూత కాగానే పరంజాల మీద నుంచి అందరూ దిగి వరసగా నిలబడాలి. లచ్చయ్య పేరు పేరునా పిలుస్తాడు, పిలిచినవాళ్ళు “ఉన్న” అనాలి. పేర్ల వరస మారదు. ఉప్పలమ్మ, ఆ తర్వాత గోపమ్మ, ఆ తర్వాత అండాలు. పోయిన ఆషాఢంలో వానకు తడిసిన పరంజా పలక మీద గోపమ్మ కాలు జారింది. తట్ట మాత్రమే దొరికింది, మనిషిని కృష్ణ తీసుకుపోయింది. ఇరవై ఏళ్ళ పిల్ల, అండాలు పక్కనే నడిచేది, పనిలో పాటందుకుంటే ఆగేది కాదు. ఆనాటి నుంచి లచ్చయ్య ఉప్పలమ్మ అని పిలిచి, ఒక ఊపిరంతసేపు ఆగి, అండాలు అని పిలుస్తాడు. ఆ పేరు మాత్రం క్యాంపులో ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, అయినా ఎత్తరు.

హెల్మి లేచి నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళు కొంగులతో మొహాలు కప్పుకున్నారు, మగవాళ్ళు నేలకేసి చూస్తున్నారు. ఆమె అటూ ఇటూ చూసి, తలవంచి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. అరవై ఏళ్ళ మనిషి మళ్ళీ అరవై ఏళ్ళ మనిషే అయింది. ఇంతటిది ఆ రొమ్ములో ఎక్కడ పట్టిందో అని అండాలు చిరుగులోంచి అలాగే చూస్తూ ఉండిపోయింది. గుడిలో కూడా ఆమెకు అలా చేతులు జోడించాలనిపించలేదు.

ఇక జవాబు వేషం. జంగయ్య గజ్జెలు అడగడం కూడా మరిచి తెర ముందుకొచ్చాడు. కొంగు సవరించుకున్నాడు, మెడ వంచాడు.

“ఓ ప్రాణేశ్వరా...” అన్నాడు, ఆగిపోయాడు.

అండాలు వెంటనే మాట అందించింది. అతను అనలేదు. వినబడలేదేమోనని కాస్త గట్టిగా అందించింది. పదేళ్ళలో అందిన మాటను అందుకోకపోవడం జంగయ్యకు అదే మొదటిసారి. ఆడలేక మద్దెల ఓడనే మనిషి కాదతను. తన పని గొప్పతనం తెలిసినవాడు, అందుకే ఎదుటి పని గొప్పతనమూ తెలిసింది. తెరవైపు తిరిగాడు. కాటుక చెంపల మీదికి కారుతోంది.

“నాతోని గాదు,” అన్నాడు అందరికీ వినబడేలా. “గామె ముంగట గీ మాటలంటే పాపం తగుల్తది. ఇన్నేండ్లు మీరు ఏడ్సింది నన్ను జూసి గాదు, ఎన్కనుంచి మాటిచ్చిందాని కోసం ఏడ్సిండ్రు. అండాలూ, నువ్వు రాయే.”

“ఏందిరా జంగా, మతి పోయిందా?” లచ్చయ్య లేచాడు. “గుంపు పెద్దను నేనింక బతికే ఉన్న. ఆడమనిషి తెర ముంగటికి...”

ఆ మాటన్నప్పుడు ఆయన చూపు వెళ్ళి హెల్మి మీద పడింది. గజ్జెలు ఇంకా ఆమె కాళ్ళకే ఉన్నాయి. లచ్చయ్య నడుం మీద చేయి వేసుకుని అలాగే నిలబడిపోయాడు.

అండాలు బయటికొచ్చింది. పాత నీలం చీర, చేతులకు నాలుగు గాజులు, మొహాన రంగు లేదు. అలా వెలుతురులో నిలబడాలని పదేళ్ళు కోరుకుంది కదా, తీరా నిలబడ్డాక చేయి వెనక్కి పోయి తెర అంచు పట్టుకుంది. హెల్మి తానే వంగి గజ్జెలు విప్పి ఆమె చేతుల్లో పెట్టింది. ఆ కాళ్ళ వెచ్చదనం గజ్జెల్లో ఇంకా ఉంది. కట్టుకుని లేచేసరికి నాలుగు వందల కళ్ళు. ఏం ఆడాలి? ఆమెకు వచ్చినవన్నీ జంగయ్య వేషాలే, రాజుల పెళ్ళాలూ, దేవకన్యలూ. వాటిలో ఒక్కటీ ఇప్పుడు నోటికి రాలేదు.

లచ్చయ్య ఇంకా నడుం మీద చేయి వేసుకుని నిలబడే ఉన్నాడు. అండాలు ఆయన్ను చూసింది. తానూ నడుం మీద చేయి వేసింది. కొంగు తీసి భుజం మీద తువ్వాలులా వేసుకుని, పొట్ట కాస్త ముందుకు తోసి, గొంతులో గరగరమని దగ్గింది. అచ్చం లచ్చయ్య దగ్గే. జనం గొల్లుమన్నారు. మొగాడు ఆడది కావడం చూశారు గానీ ఆడది మొగాడు కావడం ఆ క్యాంపు ఎన్నడూ చూడలేదు.

“సైదులూ!” పరంజాకేసి తలెత్తి అరిచింది. “ఓ సైదులూ! పైననే కాపురం బెట్టినవారా? దిగుతవా, నీకు జర మంచిమాట జెప్పి దించాల్నా?”

జనం నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వుల్లోంచి, అయిదేళ్ళ అలవాటు కదా, సైదులు గొంతు దానంతటదే వచ్చింది. “ఉన్న!”

“బీమయ్యా!”

“ఉన్న!”

“సైదమ్మా! నీ మొగడు దిగిండు, నువ్వెప్పుడు దిగుతవు?”

“ఉన్న మామా, ఒస్తాన!”

ఒక్కొక్క పేరూ పిలుస్తూ పోయింది. నవ్వు తగ్గుతూ వచ్చింది. పిలిచినవాళ్ళు కూర్చున్నచోటే లేచి నిలబడుతున్నారు, సాయంత్రం వరసలో నిలబడ్డట్టే. వచ్చిన దొరలు కెమెరాలు దించేశారు. రఘుపతి చెప్పబోతే హెల్మి వద్దని చేయి అడ్డం పెట్టింది.

“ఉప్పలమ్మా!”

“ఉన్న!”

అక్కడ లచ్చయ్య ఆగే ఊపిరంతసేపు అండాలు ఆగింది. తర్వాత ఏం రావాలో తెలిసి జనమంతా బిగుసుకుపోయారు.

“గోపమ్మా!”

ఎవరూ కదల్లేదు. లచ్చయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నేలమీద కూలబడ్డాడు. అండాలు కన్నుల మీద అరచేయి పెట్టుకుని పరంజాకేసి చూస్తూ, ఇంకా లచ్చయ్య గొంతుతోనే, ఈసారి మెల్లగా పిలిచింది.

“గోపమ్మా! బిడ్డా!”

గాలి తెరను కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. జవాబు ఎలా వస్తుంది? ఇక్కడితో వేషం ఆగిపోతుందని, ఇక తాను ముందుకు పోలేనని అండాలుకు అర్థమైంది. అప్పుడు మొదటి వరసలోంచి, ముసలి గొంతు ఒకటి, తెలుగు మాట ఎన్నడూ పలకని నోటితో పలికింది.

“ఉన్న.”

హెల్మి లేచి నిలబడి ఉంది. కర్ర లేదు. ఏం అడుగుతున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎదుటి వేషానికి మాట అందాల్సిన చోట అందలేదని మాత్రం తెలిసింది, అందించింది. నలభై ఏళ్ళుగా ఆమె పని అదే.

జనంలోంచి ఒక్కసారిగా ఏడుపు లేచింది. అండాలు ఏడవలేదు. వేషంలో ఉంది కదా. కొంగుతో మొహం తుడుచుకుని గరగరమని దగ్గింది.

“ఉంటె ఇంతసేపు పల్కవేందే? దిగు బిడ్డా, జాగర్త. రొట్టెలు సల్లారిపోతున్నయ్.”

గోపమ్మ ఒక్కో మెట్టూ దిగి వచ్చేదాకా కళ్ళతోనే చూసింది. వరసలో నిలబడ్డాక, మేస్త్రిలా తల ఊపి, తర్వాతి పేరు పిలిచింది.

“అండాలూ!”

భుజం మీది తువ్వాలు మళ్ళీ కొంగైంది. ఆమె తిన్నగా నిలబడి, అంతమంది మొహాల్లోకి చూస్తూ, తన గొంతుతో అంది.

“ఉన్న.”